పసుపుపూల పేలికలు

ఆ లైబ్రరీ ఆవరణలో కొమ్మకు గుడ్డపేలిక కట్టి ఉందంటే లోపల ఒక కాపురం ఉందని అర్థం. అది చట్టమూ కాదు, బోర్డు మీద రాసిందీ కాదు. తోటమాలి పెట్టుకున్న పద్ధతి. వావిలి కంచెలోనో, రేగు పొదలోనో ఏదైనా పిట్ట పుల్లా పుల్లా చేర్చడం మొదలుపెట్టిందంటే ఆయన రెండు రోజులు దూరం నుంచే చూసేవాడు, అది నిజంగా ఇల్లు కడుతోందా, ఊరికే జాగా చూసుకుని పోతోందా అని. కడుతోందని తేలాక గూటికి అడుగు దూరంలో జానెడు పేలిక కట్టేవాడు. పిల్లలు ఎగిరిపోయాక విప్పేసేవాడు. నెలకోసారి కంచె కత్తిరించడానికి వచ్చే మనిషిని అందరూ 'మిషన్' అని పిలిచేవారు, చేతిలో ఎప్పుడూ ఆ కత్తెర మిషనే ఉంటుంది కాబట్టి. అతనికీ ఆ భాష వచ్చు. పేలిక కనబడితే అటు రెండు మూరలు, ఇటు రెండు మూరలు వదిలేసి పోయేవాడు. మొదటి నుంచీ ఆ విషయంలో ఇద్దరికీ మాటతో పనే పడలేదు.

లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా ఉన్న అమ్మాయి ఆ తోటమాలికి స్వయానా తమ్ముడి కూతురు. తండ్రి లారీ మీద ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు, తల్లి లేదు. అందుకని పెదనాన్న ఇంట్లోనే పెరిగింది. ఆ వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. పట్టా చేత పట్టుకుని ఇంటికి వచ్చిన రోజు నుంచి పెదనాన్న ఆమెను పేరు పెట్టి పిలవడం మానేశాడు. "ఏమే డిగ్రీ, గొడుగు మర్చిపోయావు." "డిగ్రీకి కాసిని మంచినీళ్ళు ఇవ్వవే." అందులో వెక్కిరింత పావు వంతు, గర్వం ముప్పావు వంతు.

ఆఫీసులో మాత్రం ఆమె ఆయన్ని నలుగురి ముందూ "తోటమాలి గారూ" అనేది.

"నువ్వు గారూ అన్నప్పుడల్లా నా వెనకాల ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని తిరిగి చూసుకుంటున్నానే" అని ఆయన ఇంటికొచ్చి నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

మూడేళ్ళ కిందట ఆ ఆవరణలో ఉన్నవి పరాయి పచ్చికా, రంగురంగుల ఆకుల కుండీ మొక్కలూ. నీళ్ళు తాగడం తప్ప వాటికి మరో పని తెలియదు. పిట్ట అన్నది వాలేది కాదు. ఆమే పుస్తకాలు తిరగేసి, పద్నాలుగు పేజీల ప్రతిపాదన రాసి, అందరూ మేడమ్ అని పిలిచే ప్రధాన లైబ్రేరియన్‌కు ఇచ్చింది. ఈ నేలలో పుట్టిన మొక్కలే వేద్దాం, వాటి ఆకుల మీద పురుగులు బతుకుతాయి, పురుగుల కోసం పిట్టలు వస్తాయి అని. పెదనాన్న ఆ పద్నాలుగు పేజీలూ చదివించుకుని విన్నాడు.

"అంటే నేను ముప్పై ఏళ్ళుగా పీకి పారేస్తున్నవన్నీ ఇప్పుడు పెంచమని రాశావన్నమాట. ఈ ముక్క ముందే చెబితే పీకేవాణ్ణే కాదు కదే, నడుమైనా మిగిలేది!"

అన్నాడు గానీ చేసిందంతా ఆయనే. రైలు కట్ట పక్కనుంచి వావిలి కొమ్మలు తెచ్చి నాటాడు. రేగు గింజలు ఏరుకొచ్చి చల్లాడు. గడ్డి పండి ఎండితే కోయనివ్వలేదు, గింజలు తినే పిట్టలకని. రాలిన ఆకులు ఊడవనివ్వలేదు, వాటి కింద పురుగులుంటాయని. మొదటి ఏడు చూసినవాళ్ళంతా తోట ఎండిపోయిందనుకున్నారు. రెండో ఏడు పూసింది. మూడో ఏడు పికిలిపిట్టలు వచ్చాయి, నెత్తిన జుట్టు పైకి దువ్వుకున్నట్టు, తోక కింద ఎర్రమచ్చతో, ఇల్లు మాదే అన్నంత దర్జాగా.

నగరంలో పచ్చని ఆవరణలను ఎంపికచేసే కమిటీ ఒకటి ఉంది. ఆ ఏడు వాళ్ళ జాబితాలో లైబ్రరీ పేరు చేరింది. గురువారం వస్తామన్నారు. ముందురోజు మధ్యాహ్నం వాళ్ళ ఆఫీసు నుంచి మెడలో కెమెరా వేసుకున్న ఒకావిడ వచ్చింది, ఎక్కడ నిలబడాలో, ఎక్కడ ఫొటో తీయాలో చూసుకోవడానికి. మేడమ్ మీటింగులో ఉంది. పెదనాన్న కళ్ళ డాక్టరు దగ్గరికి సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాడు. డిగ్రీయే ఆవిణ్ణి తిప్పి చూపించింది. ఏ మొక్క ఏ పురుగుకు ఇల్లు, ఏ పురుగు ఏ పిట్టకు తిండి, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. ఆవిడ "అబ్బ, భలే చదివారండీ" అంది. ఆ మాటకు లోపల దీపం వెలిగినట్టయింది.

కంచె దగ్గరికి రాగానే ఆవిడ ఆగింది.

"ఇవేంటండీ, కొమ్మలకి గుడ్డలు?"

డిగ్రీ చూసింది. వాటిని ఆమె రోజూ చూస్తూనే ఉంది, కానీ ఇంకొకరి కళ్ళతో చూడటం అదే మొదలు. తెల్లటి గుడ్డ మీద పసుపు పూలు. మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా అంచు విప్పి విప్పి పొడుగు చేసుకుంటూ తొడుక్కున్న గౌను అది. పండక్కీ అదే, పరీక్షకీ అదే. "అదుగో, పసుపుపూలు వచ్చేసింది" అని బడి గుమ్మంలో పిల్లలు పాడేవారు. ఆ గౌను ఇప్పుడు ఏడు ముక్కలై, కమిటీ రాబోయే కంచె మీద, గాలికి ఊగుతోంది.

"ఏవో గాలికి కొట్టుకొచ్చినట్టున్నాయండీ. తీయించేస్తాను" అంది.

నోటి నుంచి మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఆవిడ వెళ్ళిపోయాక తనే విప్పింది. కత్తిరింపు ఎప్పుడూ నెలాఖరు శనివారమే. గురువారం సాయంత్రం కమిటీ గడప దాటగానే మళ్ళీ కట్టేస్తే సరి, ఎవరికి నష్టం అనుకుంది. పెదనాన్న ముడులు ఓ పట్టాన ఊడవు. ఒకటి పళ్ళతో లాగాల్సి వచ్చింది. అడుగు దూరంలో గూటి మీద కూర్చున్న పికిలిపిట్ట కదలకుండా ఆమెనే చూసింది. ఏడూ మడిచి, తన టేబుల్ సొరుగులో తేదీ ముద్రల డబ్బా కింద పెట్టింది.

ఆమెకు తెలియని సంగతి ఒక్కటే. మీటింగు నుంచి బయటికి రాగానే మేడమ్ ఫోను తీసి, "రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు, కంచె కాస్త నున్నగా ఉండాలి, తెల్లారేసరికి వచ్చేయ్" అని మిషన్‌కు కబురు చేసింది.

గురువారం తొమ్మిదికి డిగ్రీ వచ్చేసరికి కంచె గీత గీసినట్టుంది. మేడమ్ మొహం వెలిగిపోతోంది. కంచె అవతల మాత్రం పెదనాన్న నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. డాక్టరు వేసిన మందుకు కళ్ళింకా ఎర్రగా ఉన్నాయి. ఆకుల చెత్తలో చేత్తో వెతుకుతూ, దొరికినవి ఒక్కొక్కటే పూలబుట్టలో పెడుతున్నాడు. గులాబీ రంగు మీద ఎర్రచుక్కల గుడ్లు, సగం సగం పగిలినవి. నారతో అల్లిన గిన్నెలాంటి గూడు. రెండు పిల్లలు, ఇంకా కళ్ళు తెరవనివి. ఏడు గూళ్ళలో రెండే మిగిలాయి, కత్తెరకు అందని ఎత్తున ఉన్నవి.

మిషన్ పక్కనే నిలబడి ఉన్నాడు. దోషిలా ఉన్నాడు, కోపంగానూ ఉన్నాడు.

"ఒక్క పేలికంటే ఒక్కటి లేదు బాబాయ్. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చూసుకునే మిషన్ ఆన్ చేశా. ఉంటే నేనెందుకు ముట్టుకుంటా?"

"కట్టాననే అనుకున్నాన్రా."

"అనుకుంటే ఊడి పడతాయా? వయసైపోతోంది బాబాయ్ నీకు, మతిమరుపు వచ్చేస్తోంది. ఆ పాపం నా చేత్తో చేయించావు."

ఊడ్చే ఆవిడ వింది. వాచ్‌మన్ విన్నాడు. పేపరు చదువుకోవడానికి పొద్దున్నే వచ్చే ముసలాయన కళ్ళజోడు తీసి మరీ విన్నాడు. గుమ్మంలో మేడమ్ వింది. పెదనాన్న తల తిప్పి డిగ్రీ వైపు చూశాడు. అడగలేదు, కేవలం చూశాడు, నువ్వైనా చూశావా అన్నట్టు.

ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు హారన్ మోగింది. నోరు మూసుకుంది. హారన్ లేకపోయినా చెప్పేది కాదేమోనని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

కమిటీవాళ్ళు నలుగురు. ఆమె మాట్లాడింది. కాగితం చూడకుండా, తడబడకుండా మాట్లాడింది. మాట్లాడుతుండగానే ఒక పికిలిపిట్ట నోట్లో పచ్చటి పురుగుతో వచ్చింది. కంచె మీద, నిన్నటి దాకా కొమ్మ ఉన్న చోట, గాలిలో రెక్కలు కొట్టుకుంటూ నిలబడింది. వాలడానికేమీ లేదు. వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, అదే పురుగుతో. మనుషుల మోచేతి దూరంలో అటూ ఇటూ తిరిగింది. మళ్ళీ వచ్చింది.

"చూశారా, మనుషులంటే బొత్తిగా భయం లేదు!" అన్నాడు కమిటీ పెద్దాయన ముచ్చటపడిపోతూ. కెమెరా ఆవిడ టకటకా ఫొటోలు తీసింది. మేడమ్ నవ్వింది. డిగ్రీ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు ఈనాటికీ గుర్తే.

ఇంట్లో ఆ సాయంత్రం నుంచి పెదనాన్న తనకు తనే పరీక్షలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. తాళంచెవి ఎక్కడ పెట్టానో చెప్పు అని తనని తనే అడుగుతాడు, వెళ్ళి చూసుకుంటాడు. అది అక్కడే ఉంటుంది. అయినా నమ్మడు. "కూరలో ఉప్పు వేశావా అని నిన్ను పొద్దున అడిగానా?" అంటాడు పెద్దమ్మతో.

"అడగలేదు. వంటలో నీ పెత్తనమేంటని తిడతానని నీకు బాగా గుర్తుంది" అంటుంది పెద్దమ్మ.

"పోనీ, ఆ పసుపుపూల గుడ్డ చించానా లేదా?"

"చించావు. నా కత్తెర మొద్దు చేసి మరీ చించావు."

"చించింది గుర్తుందే. కట్టిందీ గుర్తుంది. కానీ లేవు. అంటే కట్టినట్టు కలగన్నానన్నమాట." తాళంచెవి మళ్ళీ తడిమి చూసుకుని, "మా నాయనకీ చివర్లో ఇలాగే అయింది. పశువుల్ని కట్టేశానని చెప్పి పడుకునేవాడు" అన్నాడు.

పక్కగదిలో డిగ్రీ పుస్తకం తెరిచి పెట్టుకుని ఒకే పేజీ దగ్గర కూర్చుంది. ఇప్పుడు చెబుదాం, భోజనాలయ్యాక చెబుదాం, ఆదివారం చెబుదాం. చెప్పని ప్రతిరోజూ చెప్పాల్సిన మాట ఇంకో అంగుళం పొడుగైంది, ఒకప్పటి ఆ గౌనులాగే. శుక్రవారం సొరుగులోంచి పేలికలు తీసి సంచిలో వేసుకుంది, దారిలో ఎక్కడైనా పారేద్దామని. పారేయలేకపోయింది. నాలుగు రోజులు వాటిని మోసుకుంటూ వెళ్ళింది, మోసుకుంటూ వచ్చింది.

సోమవారం కమిటీ నుంచి ఫొటో వచ్చింది. గాలిలో నిలబడ్డ పికిలిపిట్ట, నోట్లో పురుగు. మేడమ్ దాన్ని పెద్దది చేయించి నోటీసు బోర్డు మీద పెట్టించింది. కింద అందమైన అక్షరాలతో 'మనిషంటే భయం లేని మన అతిథి' అని రాయించింది. ఆ బోర్డు సరిగ్గా డిగ్రీ టేబుల్‌కు ఎదురుగా ఉంది. పుస్తకం మీద ముద్ర వేసి తలెత్తిన ప్రతిసారీ ఆ పిట్ట పురుగు పట్టుకుని ఆమెనే అడుగుతున్నట్టు ఉండేది, ఎక్కడ పెట్టమంటావని.

మంగళవారం సాయంత్రం పెదనాన్న ఒక తెల్లకాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఏమే డిగ్రీ, ఒక ఉత్తరం రాసిపెట్టు. పని మానుకుంటున్నా."

"ఎందుకు పెదనాన్నా?"

"ఎందుకేంటే? కళ్ళంటే మందేసుకుంటాం. బుర్రకేమేసుకుంటాం? మేడమ్ మంచిది కాబట్టి పొమ్మని అనట్లేదు. అనేదాకా ఉండటం మర్యాద కాదు. రాయి. 'మేడమ్ గారికి. నాకు వయసు మీద పడి మతి తప్పుతున్నది. నా మరుపు వల్ల ఐదు కాపురాలు కూలినవి.' రాశావా?"

ఆ ఇంట్లో ఉత్తరాలన్నీ ఆమే రాసేది. కరెంటు ఆఫీసుకి, ఆసుపత్రికి, నాన్నగారి లారీ యజమానికి. రాయడానికే కదా చదివించింది. 'నా మరుపు వల్ల' దాకా రాసింది. అక్కడ పెన్ను ఆగిపోయింది.

లేచి వెళ్ళి సంచి తెచ్చింది. ఏడు పేలికలూ తీసి కాగితం మీద పెట్టింది.

కొట్టినా సరే, తిట్టినా సరే అని పళ్ళు బిగించుకుంది. ఆయన కొట్టలేదు. ఒంగి, కళ్ళు చికిలించి, వేలితో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టాడు.

"ఏడు. ఏడే కదే నేను కట్టింది!" మొహమంతా విచ్చుకుంది. "ఏమేవ్! ఇటు రా! నా మతి పోలేదే, ఏడూ ఉన్నాయి చూడు! ముడి మడతలు కూడా పోలేదు. నేను కట్టానే!"

దెబ్బకు సిద్ధపడిన మనిషి ఆ సంతోషానికి సిద్ధపడలేదు.

పెద్దమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. పేలికల్ని చూసింది, సంచిని చూసింది, పిల్ల మొహం చూసింది.

"ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరున్నాయి అవి?" అంది.

అప్పుడు ఆయన నవ్వు మెల్లమెల్లగా దిగిపోయింది, బావిలో చేద దిగినట్టు.

"ఎందుకే?" అన్నాడు.

"అది నా గౌను పెదనాన్నా."

"అవును, నీదే. ఇంట్లో ఉన్న పాతగుడ్డలన్నిట్లో ఎంత ఎండకీ రంగు పోనిది అదొక్కటే. మిషన్‌కి దూరం నుంచి కనబడాలి కదా. అందుకే పొదుపుగా చించుతూ వాడుకొస్తున్నా. అయితే?"

"వచ్చినావిడ అడిగింది. నలుగురూ చూస్తారని..."

"చూస్తే ఎవరికి తెలుస్తుందే అది నీ గౌనని?"

"నాకు తెలుస్తుంది."

ఆయన పేలిక ఒకటి తీసి మోకాలి మీద పరిచి చేత్తో సాపు చేశాడు.

"బాగానే ఉండేదే ఈ గౌను" అన్నాడు చివరికి. "సిగ్గుగా ఉందని ఒక్క మాట అంటే పెద్దమ్మ పాత చీర చించేవాణ్ణి. పిట్టలకి పూలు ఏ రంగైతే ఏంటి."

ఆమె ఏడుపు మొదలుపెట్టింది. ఆయన ఊరుకోబెట్టలేదు.

"నాకు చెప్పావు. సరే. మరి మిషన్? ఊడ్చే ఆవిడ? ఆ పేపరు ముసలాయన నన్ను చూసినప్పుడల్లా 'ఎలా ఉంది ఆరోగ్యం' అంటున్నాడు. వాళ్ళందరి దగ్గరా నా మతి పోయే ఉంది కదే. దాన్నెవరు తెచ్చిస్తారు?"

మర్నాడు లైబ్రరీ తలుపులు తెరవగానే ఆమె నోటీసు బోర్డుకు ఒక కాగితం గుచ్చింది, ఫొటో కిందే. టైపు చేయలేదు, చేత్తో రాసింది. పద్నాలుగు పేజీలు రాసిన చెయ్యికి ఆ ఆరు లైన్లు రాయడానికి తెల్లవారుజాము నుంచి పట్టింది. 'ఈ పిట్టకు మనిషంటే భయం లేక కాదు. తన పిల్లల కోసం తెచ్చిన పురుగు అది. గూడు కత్తెరకు పోయింది. గూళ్ళున్న చోట మా పెదనాన్న, అంటే ఈ లైబ్రరీ తోటమాలి, ఏడు పేలికలు కట్టారు. వాటిని ఎవరికీ చెప్పకుండా విప్పింది నేను. ఆయన ఏదీ మరిచిపోలేదు.' కింద సంతకం.

మేడమ్ చదివింది. రెండోసారీ చదివింది.

"ఇది కమిటీకి తెలిస్తే మన పేరు తీసేస్తారు."

"పొద్దున్నే పోస్టు చేశానండీ."

మేడమ్ ఆమె మొహంలోకి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. కాగితం తీసేయమని అనలేదు. కానీ ఆ నెలంతా ఏ ముఖ్యమైన పనీ ఆమెకు చెప్పలేదు. కమిటీ నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది, ఈ ఏటికి లైబ్రరీ పేరు పక్కన పెట్టామని.

మిషన్‌కు చదువు రాదు. శనివారం వచ్చినప్పుడు బోర్డు ముందు నిలబడి, "అందరూ చూస్తున్నారు, ఏంటమ్మా అది? చదివి పెట్టు" అన్నాడు. చదివి వినిపించింది. రాయడం కంటే అది కష్టమైంది. అతను వినడం అయ్యాక ఒక్క మాటే అన్నాడు.

"ఆ రోజు నేను బాబాయ్‌ని అన్న మాట నీ ఎదురుగానే అన్నాను కదమ్మా."

ఆ తర్వాత అతను ఆమెతో రెండు నెలలు మాట్లాడలేదు. పెదనాన్నకు మాత్రం వచ్చినప్పుడల్లా టీ తెచ్చిపెట్టేవాడు.

వానలు పడ్డాయి. కత్తిరించిన కంచె చిగురు వేసింది. ఒక ఉదయం పెదనాన్న డిగ్రీ టేబుల్ దగ్గరికొచ్చి గడ్డంతో బయటికి చూపించాడు. వావిలిలో, నడుమెత్తున, ఒక పికిలిపిట్ట నార పట్టుకుని దూరుతోంది. రెండు రోజులు చూశారు. మూడో రోజు ఆయన చెయ్యి చాచి, "గుడ్డ ఇవ్వు. నీకు ఏదైతే బాగుంటుందో అదే ఇవ్వు" అన్నాడు. వెక్కిరింతగా అనలేదు, అందుకే గుచ్చుకుంది.

ఆమె సంచిలో మళ్ళీ దాచుకున్న పసుపుపూల పేలికే తీసింది. "నేను కడతాను పెదనాన్నా" అంది.

కడుతుండగా గేటులోంచి కెమెరా ఆవిడ వచ్చింది. వచ్చే ఏటి జాబితా కోసం మళ్ళీ చూసి వెళ్ళడానికి పంపారట. కంచె దగ్గర ఆగి, కాస్త ఇబ్బందిగా, "అవే కదూ ఇవి? ఆ రోజు గాలికి..." అంది.

డిగ్రీకి చెవుల దాకా వేడెక్కింది. ఆ వేడి ఇక పోయేది కాదని, దానితోనే మాట్లాడటం నేర్చుకోవాలని ఆమెకు అప్పటికి తెలిసింది.

"గాలికి కాదండీ. ఇది నా చిన్నప్పటి గౌను. ఇక్కడ గూడు ఉందని గుర్తు" అంది.

వెనకనుంచి పెదనాన్న ముందుకొచ్చి ముడి పట్టుకుని చూశాడు.

"ఏం చదివావే డిగ్రీ, ముడి ఇలాగా వేసేది? రెండు రోజుల్లో ఊడిపోతుంది" అని దాన్ని విప్పి, నెమ్మదిగా, ఆమెకు కనబడేలా, మళ్ళీ కట్టాడు.